అప్‌డేట్: టావెర్నియే రాసిన "గని" దొరికింది, కానీ నీళ్ల కింద

పోయిన నెల అడిగాను కదా, 17వ శతాబ్దంలో వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే గోల్కొండకి తూర్పుగా ఏడు రోజుల ప్రయాణంలో ఉందని చెప్పిన "గని" అనే ఊరు ఏదీ అని. నేను మ్యాప్‌లో ఆ పేరుతో ఊరు వెతుక్కుంటూ కూర్చున్నా, నవ్వొస్తోంది ఇప్పుడు, ఎందుకంటే స్థానిక భాషలో గని, పర్షియన్‌లో కులూర్ అని ఆయనే రాశాడు, అంటే మన తెలుగు గనే, ఊరు కొల్లూరు! 1880ల్లో వాలెంటైన్ బాల్ అనే జియాలజిస్టు ఆ పాత ప్రయాణ దూరాలు లెక్కేసి కృష్ణ ఒడ్డున ఈ కొల్లూరే అని తేల్చాడట.

సరే అని మా బాబాయ్‌ బండి మీద బెల్లంకొండ వైపు వెళ్లాం. ఏముంది, పులిచింతల రిజర్వాయర్ నీళ్లే. గట్టు మీద మేకలు కాసే పెద్దాయన్ని అడిగితే చేత్తో నీళ్ల మధ్యకి చూపించి "అదే ఊరు బాబూ" అన్నాడు.

అరవై వేల మంది పనిచేసేవాళ్లని రాశాడు టావెర్నియే (కొంచెం పెంచి చెప్పాడేమో). మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవాళ్లు, ఆ మట్టిని కడిగి ఎండబెట్టి చాటల్లాంటి వాటితో చెరిగేవాళ్లట, అచ్చం మనింట్లో బియ్యం చెరిగినట్టే.

ఈసారి పరిటాల వైపు వెళ్తా, అదీ పాత వజ్రాల చోటే.