ప్లాస్మా పొరలోంచి సిగ్నల్ దాటించడానికి అయస్కాంతం ఒక్కటే చాలుతుందా?

నమస్కారం అండీ, విశాఖలో ఎంటెక్ చేస్తున్నాను, మద్దిలపాలెంలో ఉంటాను. వ్యోమనౌక భూవాతావరణంలోకి తిరిగొచ్చేటప్పుడు చుట్టూ ప్లాస్మా (వేడికి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు) కమ్మేసి రేడియో తెగిపోతుంది కదా, నా ప్రాజెక్టు దాని మీదే. ఘనమీటరుకు 10¹⁸ ఎలక్ట్రాన్లుంటే ప్లాస్మా ఫ్రీక్వెన్సీ (మామూలుగా దీనికంటే తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న తరంగాలను ప్లాస్మా ఆపేస్తుంది) దాదాపు 9 గిగాహెర్ట్జ్, అంటే 2.2 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దాటదు. 0.1 టెస్లా అయస్కాంత క్షేత్రం పెడితే సైక్లోట్రాన్ ఫ్రీక్వెన్సీ (ఆ క్షేత్రం చుట్టూ ఎలక్ట్రాన్లు సెకనుకు ఎన్నిసార్లు తిరుగుతాయో ఆ లెక్క) 2.8 గిగాహెర్ట్జ్, అంటే సిగ్నల్ కంటే ఎక్కువ అవుతుంది కాబట్టి, క్షేత్రం వెంబడి వెళ్లే కుడి వర్తుల ధ్రువణ తరంగం (ఎలక్ట్రాన్లు తిరిగే వైపే దాని విద్యుత్ క్షేత్రమూ తిరుగుతుంది) దాటాలి, కాగితం మీద దాటుతోంది కూడా, కానీ ఎలక్ట్రాన్లు అణువులను గుద్దుకోవడం లెక్కలో కలపగానే సిగ్నల్ చాలావరకు చచ్చిపోతోంది. అందుకే అయస్కాంత క్షేత్రానికి అడ్డంగా విద్యుత్ క్షేత్రం కూడా ఇచ్చి, యాంటెన్నా ముందున్న ప్లాస్మాని పక్కకు తోసి పలచన చేద్దామనుకుంటున్నాను. చిక్కేంటంటే వోల్టేజంతా ఎలక్ట్రోడ్ పక్కనున్న పలుచటి పొరలోనే (షీత్ అంటారు) పడిపోతోంది, ప్లాస్మా లోపలికి చేరట్లేదు. దీన్ని సిమ్యులేషన్‌లో ఎలా పెట్టాలి? చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి, రివ్యూ దగ్గరపడింది, చాలా టెన్షన్‌గా ఉంది.