ఈ వారం సమస్య (ఈ పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి): "ఎడ్లు లేని బండి యేరు దాటె"

నిర్వాహకుడు: పొద్దున కాఫీ తాగుతుంటే తట్టిన పాదం. మీ చిన్నప్పటి ఊరు కనబడాలి. కారు, ట్రాక్టరు ఎక్కించి తప్పించుకోవద్దు.

తాటితోపు:
తాటి ముంజ తినిన తరువాత బుర్రలు
పుల్ల గుచ్చి పంగ పుడక తోడ
నెట్టి నెట్టి యలసి నెత్తిపై పెట్టగా
ఎడ్లు లేని బండి యేరు దాటె

కొల్లేటి కొంగ: "నెత్తిపై పెట్టగా" దగ్గర ఆగిపోయానండీ. మనం తోలాల్సిన బండి మన నెత్తికెక్కి ఏరు దాటింది! సమస్య అక్కడే విడిపోయింది. పంగ పుడక అంటే పంగల కర్రేనా?

తాటితోపు: అదేనండీ, గణం (పాదంలో అక్షరాల లెక్క) కోసం పుడక అయింది. కాయలు రెండూ ఒకే సైజువి ఏరుకోవాలి. ఒకటి చిన్నదైతే బండి అటే తిరిగిపోయేది. మా అన్నయ్య మంచి జోడీ ముందే దాచేసుకునేవాడు. బొటనవేలితో మూడు కళ్లూ తోడి, నీళ్లు చొక్కా నిండా చిందించుకుని, నాకేమో మిగిలిన వంకర కాయలు.

గోదారి గట్టు:
అమ్మ కొంగు పట్టి యబ్బుర పడి చూడ
పొగలు కక్కుకొనుచు పోటుమీద
నున్న గౌతమి పయి నుక్కు వంతెన యెక్కి
ఎడ్లు లేని బండి యేరు దాటె

కొల్లేటి కొంగ: కారు వద్దంటే రైలెక్కారన్నమాట. పైగా రాజమండ్రి దగ్గరున్నది అఖండ గోదావరి. ధవళేశ్వరం దాటాకే కదా గౌతమి, వసిష్ఠ చీలేది?

గోదారి గట్టు: గౌతముడు తెచ్చిన నది కాబట్టి మొత్తానికీ గౌతమి పేరు ఉంది. నేను చూసింది 1900 నాటి హేవలాక్ వంతెన మీద బొగ్గు రైలు. ఆ వంతెన మీద 1997లో రైళ్లు ఆపేశారు. రైలు పల్లెటూరి పిల్లాడి జ్ఞాపకం కాదా? సంక్రాంతి సమస్యలో కూడా నేను "చలి"కి "సరుకు" యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కలవాల్సిన అక్షరం) వేస్తే మీరు తప్పన్నారు. చ, స చెల్లుతాయని అందరూ చెప్పినా మీరు ఒక్క మాట అనలేదు.

కొల్లేటి కొంగ: ఆ రోజు తప్పు నాదే. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. "నున్న", "నుక్కు" యతి మాత్రం హాయిగా పడింది.

చెయ్యేటి ఇసుక:
ఇసుక బండి నిలిపి యెడ్ల నీడకు కట్ట
మీది వాన వరద మీద పడియె
తాత కేక వేయ తల్లడిల్లి చూడ
ఎడ్లు లేని బండి యేరు దాటె

గోదారి గట్టు: రెండో పాదంలో "మీది", "మీద" భలే! పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడ మీద పడింది. మూడో పాదం చివర "లి చూడ" జగణం (లఘువు, గురువు, లఘువు) అయిందండీ, ఒక లఘువు (పొట్టి అక్షరం) తగ్గింది. "తల్లడిల్లుచు చూడ" అంటే సరి.

చెయ్యేటి ఇసుక: దిద్దుకున్నాను, ధన్యవాదాలు. జరిగిన సంగతే రాశాను. ఏట్లో చెలమ తవ్వి నీళ్లు తాగుతున్నాం. చూస్తుండగానే చెలమలో నీళ్లు ఎర్రబడ్డాయి. తాత నన్ను రెక్క పట్టి గట్టుకు లాగాడు.

తాటితోపు: బండి నిజంగా ఏరు దాటిందా?

చెయ్యేటి ఇసుక: దాటింది. అవతలి ఒడ్డున తుమ్మచెట్టుకు తట్టుకుని ఆగింది, ఒక చక్రంతో. రెండో చక్రం దొరకలేదు. దొరికినదాన్ని తాత గొడ్లచావిడి గోడకు ఆనించాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.