ఎంపీ ఓటు ఢిల్లీని చూసి వేయాలా, ఊరిని చూసి వేయాలా?

బెంగళూరు బస్సు (ఏప్రిల్ 2024, చర్చ మొదలుపెట్టింది నేనే)
మే 13న మనకు ఒకే రోజు రెండు ఓట్లు. ఎమ్మెల్యే సంగతి మా ఇంట్లో నాన్న ఎప్పుడో తేల్చేశారు, దాని జోలికి పోను. నా టెన్షన్ ఎంపీ ఓటుతోనే. మాది అనంతపురం పార్లమెంటు. ఇక్కడ బెంగళూరులో 26నే పోలింగ్. ఆఫీసులో అందరిదీ ఒకటే మాట: మోదీ కావాలా, రాహుల్ కావాలా, అది చూసి నొక్కెయ్ అని. మన దగ్గర అంత తేలిగ్గా లేదు. మోదీ కావాలనుకుంటే అనంతపురంలో సైకిల్ నొక్కాలి. రాహుల్ కావాలనుకుంటే హస్తం ఉంది కానీ అది ఏ స్థానంలో ఉందో అందరికీ తెలుసు. ఫ్యాన్ నొక్కితే ఢిల్లీలో ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. బస్సుకు డబ్బులు పెట్టి, లీవు పెట్టి వస్తున్నా కాబట్టి అడుగుతున్నా. మీరు ఏది చూసి వేస్తారు?

రాప్తాడు రోడ్డు
ఇందులో ఆలోచించడానికి ఏముంది బ్రో? ఇచ్చిన మాట ఎవరు నిలబెట్టుకున్నారో చూడు. రైతు భరోసా ఏడాదికి 12,500 అన్నాడు జగన్, 13,500 ఇచ్చాడు. నాలుగేళ్లన్నాడు, ఐదేళ్లు ఇచ్చాడు. లెక్కేస్తే 67,500. ఇంతకన్నా పోలిక ఏం కావాలి?

చెనిక్కాయ
ఆ 13,500లో 6,000 ఎవరివి?

న్యూట్రల్
నేను ఏ పార్టీ వాడినీ కాదు. కానీ నిజం మాట్లాడుకుందాం. అనంతపురం జిల్లాకు వందేళ్లలో వచ్చిన ఒకే ఒక్క పెద్ద ఫ్యాక్టరీ కియా. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 2019 జనవరికల్లా ట్రయల్ కారు బయటికొచ్చింది. అప్పుడు సీఎం ఎవరు? లీడరును పోల్చాలంటే ఇదీ పోలిక.

రాప్తాడు రోడ్డు
ప్రారంభోత్సవం 2019 డిసెంబర్‌లో జరిగింది. చేసింది జగన్.

న్యూట్రల్
ఎవరో కట్టిన ఇంటికి గృహప్రవేశం చేస్తే ఇల్లు నీదవుతుందా?

రాప్తాడు రోడ్డు
కియాకు నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి. గొల్లపల్లికి హంద్రీ-నీవా కాలువ నుంచి. హంద్రీ-నీవాను తన సాగునీటి ప్రాజెక్టుల పథకం జలయజ్ఞంలో పెట్టి తవ్వించింది వైఎస్. ఇప్పుడు చెప్పు, ఇల్లెవరిది, పునాది ఎవరిది?

న్యూట్రల్
హంద్రీ-నీవా ఆలోచన ఎన్టీఆర్ కాలం నాటిది.

గండికోట
2012లో జీడిపల్లికి నీళ్లు వచ్చినప్పుడు సీఎం కిరణ్ కుమార్ రెడ్డి. ఆ లెక్కన ముగ్గురూ ఓడిపోయారు. మా జమ్మలమడుగుకు రండి, ఇంకా బాగుంటుంది. ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో వైఎస్ ఒక రాయి వేశాడు. 2018 డిసెంబర్‌లో కంబాలదిన్నె దగ్గర చంద్రబాబు ఒక రాయి. ఏడాది తిరిగేసరికి సున్నపురాళ్లపల్లె దగ్గర జగన్ ఒక రాయి. 2023 ఫిబ్రవరిలో అక్కడే మళ్లీ పూజ. అన్నీ ఒకచోట పేరిస్తే ప్రహరీ గోడ లేస్తుంది. విభజన చట్టంలో కడప ఉక్కు గురించి రాసింది కేంద్రమే, పదేళ్లయింది. ఎంపీ ఓటు కాబట్టి ఇదే అడగాలి నేను.

చెనిక్కాయ
6,000 సంగతి ఎవరూ చెప్పలేదు.

కందనవోలు
కర్నూలు నుంచి. బెంగళూరు బస్సు తమ్ముడూ, నీ ప్రశ్నే తప్పు. ఢిల్లీలో ఈ రెండు పార్టీలకూ తేడా ఉంటే కదా పోల్చడానికి? 2019 ఆగస్టులో 370 రద్దు, వైసీపీ సరే అంది, టీడీపీ సరే అంది. అదే డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ బిల్లు, మళ్లీ ఇద్దరూ సరే. మన ఊళ్లో మాత్రం ఒకరి జెండా కర్ర ఒకరు విరుచుకుంటారు. మా పేటలో ఈ మధ్య రెండు పార్టీల వాళ్లూ వచ్చి ముస్లింల 4 శాతం రిజర్వేషన్ మేమే కాపాడతాం అన్నారు. ఆ బిల్లుకు చేయి ఎందుకెత్తారని మా చాచా అడిగితే ఒకరు టీ తాగుతామన్నారు, ఇంకొకరు టైమ్ అయిందన్నారు.

న్యూట్రల్
భాయ్, పొత్తులో ఉన్నా 4 శాతం ఉంటుందని చంద్రబాబు చెప్పారు కదా.

కందనవోలు
చెప్పారు. నేను అడిగింది చేయి ఎత్తిన సంగతి.

మేష్టారు
నాయనలారా, కోస్తా, సీమ నాయకులు రాసుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడిక ఒకసారి చదివితే సీమకు ఎవరు ఏం చేశారో

గండికోట
సార్ మొదలుపెట్టారు.

రాప్తాడు రోడ్డు
ప్రత్యేక హోదా సంగతి చెప్పండి న్యూట్రల్ గారూ. 2016 సెప్టెంబర్‌లో ప్యాకేజీ చాలు అన్నది ఎవరు? 2018 మార్చిలో ఎన్డీయే నుంచి బయటికొచ్చి మోదీని తిట్టింది ఎవరు? ఇప్పుడు మళ్లీ అదే బండి ఎక్కింది ఎవరు?

న్యూట్రల్
పాతిక మంది ఎంపీలనిస్తే కేంద్రం మెడలు వంచుతా అన్నారు మీవాళ్లు. 22 మందిని ఇచ్చాం. వంగింది ఎవరి మెడ?

గండికోట
ఇద్దరూ కరెక్టే, అదే బాధ.

చెనిక్కాయ
రాప్తాడు అన్నా, మూడోసారి అడుగుతున్నా. 13,500లో 6,000 పీఎం కిసాన్. మే నెలలో పడే 7,500లో రాష్ట్రానిది 5,500, అక్టోబర్‌లో 4,000లో 2,000, సంక్రాంతి నెలలో పడే 2,000 మొత్తం ఢిల్లీదే. కలిపితే రాష్ట్రం ఇచ్చింది 7,500. అవునా కాదా?

రాప్తాడు రోడ్డు
ఓ, ఇప్పుడర్థమైంది. నువ్వు బీజేపీ బ్యాచ్. మోదీ డబ్బు అని చెప్పించాలని తిప్పలు. సరే, 6,000 మోదీవే, తీసుకో. సంతోషమా? వేరే విషయం ఏమీ లేదా నీకు?

న్యూట్రల్
చెనిక్కాయ గారి లెక్క కరెక్టే. చంద్రబాబు తన ఆరు ఎన్నికల హామీల సూపర్ సిక్స్‌లో రైతుకు ఏడాదికి 20,000 అంటున్నారు. పోల్చుకోండి.

రాప్తాడు రోడ్డు
2014లో రుణమాఫీ కూడా అన్నారు. నాలుగు, ఐదు విడతలు ఏ బావిలో పడ్డాయి? మా చిన్నాన్న ఆ బాండు పేపరు ఇంకా ట్రంకు పెట్టెలో దాచుకున్నాడు, ఫ్రేము కట్టిస్తానంటున్నాడు. అసలు మీ పచ్చ బ్యాచ్...

మోడరేటర్
ఈ కామెంటులో కులం పేరున్న భాగం తీసేశాను. ఇద్దరికీ ఇదే చివరి హెచ్చరిక.

బెంగళూరు బస్సు
నేను అడిగింది వేరు, మీరు కొట్టుకునేది వేరు. చెనిక్కాయ అన్నా, మీకు పీఎం కిసాన్ పడుతోంది కాబట్టి ఢిల్లీని చూసి వేస్తానంటారు, అంతేనా? ఓకే, అదీ ఒక సమాధానమే. రైతులకు డైరెక్టుగా అకౌంట్లో పడటం మంచిదే కదా.

చెనిక్కాయ
నాకు పడుతోందని ఎవరు చెప్పారు నీకు?

నాకు ఒక్క రూపాయి పడదు. మోదీదీ పడదు, జగన్‌దీ పడదు. నేను తొమ్మిదెకరాలు గుత్తకు, అంటే కౌలుకు చేస్తా. సొంత సెంటు లేదు. ఎకరాకు 4,000 గుత్త, ఉగాది నాటికే చేతిలో పెట్టాలి, వాన రాకముందే. పోయిన ఖరీఫ్‌లో వేరుశనగ విత్తనం వేశాక మొలక బాగానే వచ్చింది. పూత కూడా వచ్చింది. కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే టైముకు వాన మొహం చాటేసింది. నేల ఎంత గట్టిపడిందంటే ఊడ మొన భూమికి తగిలి అక్కడే ఎండిపోయి వంకర తిరిగింది. చెట్టు పీకితే రెండు కాయలు, రెండూ తాలు. కట్టె గొర్రెలకు వదిలేశా. రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలన్నారు, ఎక్కువ మన సీమవే. పరిహారం ఎవరి పేరున పోయింది? పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్ల పేరున. రైతు భరోసా కూడా ఆయనకే. పీఎం కిసాన్ కూడా ఆయనకే. ఆయన విత్తనం గింజ చేత్తో పట్టుకుని ఇరవై ఏళ్లయింది.

నేను 6,000 అని ఎందుకు అడిగానో ఇప్పుడు చెప్తా. భూమి లేని కౌలు రైతు ఎస్సీయో, ఎస్టీయో, బీసీయో, మైనారిటీయో అయితే ఆ 13,500 మొత్తం రాష్ట్రమే ఇవ్వాలి, ఎందుకంటే ఢిల్లీ వాళ్ల లెక్కలో కౌలుదారు రైతే కాదు. ఆ 6,000 పట్టా ఉన్నోడికి మాత్రమే. అది ఎవరూ ఎత్తలేదు, మోదీ ఇచ్చాడా జగన్ ఇచ్చాడా అని కొట్టుకున్నారు. రాష్ట్రం ఇచ్చేది నాకూ వచ్చేదే, నేను బీసీనే. కానీ దానికి కౌలుదారుకిచ్చే సాగుదారు హక్కు కార్డు కావాలి. కార్డుకు ఓనరు సంతకం కావాలి. ఐదేళ్లుగా అడుగుతున్నా.

రాప్తాడు రోడ్డు
అన్నా, తెలియక అన్నా. కానీ ఆ కార్డు చట్టం తెచ్చింది మా ప్రభుత్వమే కదా, ఓనరు సంతకం పెట్టకపోతే ప్రభుత్వం ఏం చేస్తుంది?

చెనిక్కాయ
సంతకం పెట్టేది ఆయన ఇష్టం అని రాసిందీ ఆ చట్టమే కదా.

న్యూట్రల్
20,000 వస్తే కౌలు రైతుకూ...

చెనిక్కాయ
నీ 20,000 ఏ పాసుపుస్తకం చూసి ఇస్తారో అది చెప్పు ముందు.

కందనవోలు
కాంగ్రెస్ మద్దతు ధరకు చట్టం తెస్తానంటోంది.

చెనిక్కాయ
భాయ్, వేరుశనగకు మద్దతు ధర క్వింటాకు 6,377. క్వింటా పండితే కదా!

బెంగళూరు బస్సు
మీ ఓనరు ఎక్కడుంటారు?

చెనిక్కాయ
ఎక్కడుంటే ఏం. ఊళ్లో ఉండడు. పండక్కి కారులో వస్తాడు, గట్టు మీద నిలబడి సెల్ఫీ దిగి పోతాడు. తమ్ముడూ, నీ మీద కోపం కాదు. ఓటెయ్యడానికి బస్సు ఎక్కి వస్తున్నావు, మంచిదే. కానీ ఊరిని చూసి వేయాలా అని అడిగావు చూడు, అక్కడ కడుపు మండింది. ఊళ్లో సేద్యం చేసేదెవరో నీకు తెలుసా?

బెంగళూరు బస్సు
తెలుసు అన్నా. మా ఏడెకరాలు కూడా గుత్తకే ఉన్నాయి. నాన్నకు మోకాళ్ల నొప్పులు, 2016లో బోరు ఎండిపోయాక మానేశారు. రైతు భరోసా నాన్న అకౌంట్లోనే పడుతోంది. నిజం చెప్పాలంటే నాకు అది తప్పనిపించలేదు ఇన్నాళ్లూ. కౌలుదారు అన్న ఒకసారి కాగితం తెచ్చాడు. నాన్న పెట్టలేదు. సంతకం పెడితే రేపు భూమి ఆయనదే అంటాడని భయం.

న్యూట్రల్
భయం ఉండదా మరి? ఇప్పుడు భూమి హక్కులు తేల్చే ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్ వచ్చింది, పాసుపుస్తకం మీద సీఎం ఫోటో, సర్వే రాళ్ల మీద...

రాప్తాడు రోడ్డు
మళ్లీ వచ్చాడండీ. ఆ చట్టం వేరు, ఈ కార్డు వేరు. ఎన్నికలని జనాన్ని బెదిరించకు.

మేష్టారు
ఈసారి శ్రీబాగ్ కాదు, వినండి. సాగుదారు హక్కుల చట్టం 2019 నాటిది. ఒప్పందం 11 నెలలకే. భూమి మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదని అందులోనే ఉంది. పంట అప్పు, బీమా, పరిహారం, రైతు భరోసా, అంతవరకే. బాబూ బెంగళూరు, మీ నాన్నగారికి ఆ ముక్క చదివి వినిపించు.

చెనిక్కాయ
సార్, ఇది నాకు కంఠతా వచ్చు. మా ఓనరుకు చెప్పండి.

గండికోట
ఎంపీ ఓటు చర్చ ఎక్కడికి పోయింది?

బెంగళూరు బస్సు
ఇప్పుడే నాన్నకు ఫోన్ చేశా. చట్టం, 11 నెలలు, అన్నీ చెప్పా. మొత్తం విన్నారు. "ఇప్పుడెందుకు, ఎలక్షన్లు అయిపోనీ, చూద్దాం" అన్నారు.

చెనిక్కాయ
మా ఓనరూ అచ్చం అదే మాట అన్నాడు తమ్ముడూ. 2019లో.