ఎలియొనోరా డూజే బుగ్గల ఎరుపు: నటి నిజంగా బాధపడాలా?

తెరచాటు:
1895లో లండన్‌లో జర్మన్ రచయిత సుడర్‌మన్ నాటకం ‘మాగ్డా’ను ఫ్రెంచ్ నటి సారా బెర్న్‌హార్ట్, ఇటలీ నటి డూజే కొద్ది రోజుల తేడాతో ఆడారు. అందులో, నాయిక మాగ్డాను ఎప్పుడో వదిలేసి పోయినవాడు, ఆమె బిడ్డకు తండ్రి, ఆమెను చూడటానికి వస్తాడు. పలకరింపులయ్యాయి, కూర్చున్నారు. డూజే అతని ముఖంలోకి చూసింది. అంతే, బుగ్గలు ఎర్రబడటం మొదలైంది. ముఖం పక్కకు తిప్పుకున్నా ఆగలేదు, చివరికి చేతుల్లో దాచేసుకుంది. అందులో కిటుకేమీ కనబడలేదని విమర్శకుడు బెర్నార్డ్ షా రాశారు. పాత్ర బాధ మనసుకు తగలకపోతే ఆ ఎరుపు ఎలా వస్తుంది? మేకప్ డబ్బాలో దొరకదు కదా!

మూడో బెల్:
షా చెప్పింది సగమే చెప్పారు మీరు. అది రోజూ దానంతటదే వస్తుందా అని తనకు తెగ కుతూహలంగా ఉందనీ రాశారాయన. ‘లా దామ్ ఓ కామెలియా’ అనే ఇంకో నాటకంలో డూజే ఏడ్చి లేచినప్పుడు ముఖం కందిపోయి ఉండటం, అంతకుముందు తల వంచి కింద పడిపోవడం వల్లేననీ పట్టేశారు. వంగితే రక్తం ముఖానికి దిగుతుంది. గొప్ప నటుడు ఏడిపిస్తాడు, తాను ఏడవడు అని ఫ్రెంచ్ రచయిత దిదెరో ఎప్పుడో వాదించాడు.

తెరచాటు:
మాగ్డా ఎరుపుకి ఆ వివరణ చెల్లదని కూడా షానే అన్నారు. అదెందుకు వదిలేశారండీ?

చిన్న వేషం:
నేను ఒకసారి స్టేజీ మీద నిజంగానే ఏడ్చాను. ముక్కు కారింది, గొంతు పూడుకుపోయింది. నా ఆఖరి మాట వినబడితేనే ఎదుటాయన డైలాగ్ అందుకోవాలి. వినబడలేదు, ఆయన నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు. వెనక వరుసలో కూర్చున్న మా అక్క తర్వాత అడిగింది, ‘జలుబు చేసిందా?’ అని. నా ఓటు మూడో బెల్ గారికే.

తెరచాటు:
మీ ఏడుపుకి రిహార్సల్ తక్కువైందేమో! డూజేకి నటన మీద ఎంత పట్టింపంటే, థియేటర్ బాగుపడాలంటే ముందు దాన్ని కూల్చేయాలి, నటీనటులంతా ప్లేగొచ్చి చావాలి అనేసింది. థియేటర్ బాక్సుల్లో (ఖరీదైన ప్రత్యేక సీట్లలో) కూర్చుని తిన్నది అరిగించుకునే జనం నాటకాన్ని చంపేస్తున్నారట, గ్రీకుల్లా ఆరుబయట ఆడాలట. ఇంగ్లిష్ కవి, విమర్శకుడు ఆర్థర్ సైమన్స్ ఆవిడ మాటల్ని రాసిపెట్టాడు.

మూడో బెల్:
అలాగే ఆడనివ్వండి. కాకపోతే ఆ గ్రీకు నటులు ముఖానికి మాస్కు పెట్టుకునేవాళ్లు. ఎరుపు ఎవరికి కనిపిస్తుందండీ?