టోకు ధరల సూచీ: నెలవారీ మార్పును ముందు చెప్పాలా, ఏడాది లెక్కే చాలా?

గణకుడు
ప్రతి నెలా 14న టోకు ధరల సూచీ (డబ్ల్యూపీఐ) వస్తుంది. వార్తల్లో మొదటి వాక్యం ఎప్పుడూ ఒక్కటే: నిరుటి ఇదే నెలతో పోలిస్తే ఇంత శాతం. కిందటి నెలతో పోలిస్తే ఎంతన్నది ప్రకటనలో ఉన్నా ఎవరూ ఎత్తరు. ఇది తిరగబడాలని నా వాదన.

ఏడాది లెక్క ఒక నెల నుంచి ఇంకో నెలకు మారిందంటే అందులో రెండు సంగతులు కలిసి ఉంటాయి: ఈ నెల జరిగిన మార్పు, నిరుడు ఇదే నెలలో జరిగిన మార్పు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే సుమారుగా వచ్చేదే ఆ తేడా. అంటే ఈ నెల ధరలు కదలకపోయినా నిరుడు ఇదే నెలలో పెరిగి ఉంటే ద్రవ్యోల్బణం 'తగ్గినట్టు' కనిపిస్తుంది.

2023 చూడండి. తొలి అంకెల (మొదట ఇచ్చి తర్వాత సవరించే అంకెల) ప్రకారం ఏడాది లెక్క జూన్‌లో మైనస్ 4.12 శాతం, జూలైలో మైనస్ 1.36 శాతం. 'టోకు ధరలు ఇంకా మైనస్‌లోనే' అని రాశారు. అదే జూలైలో టమాటా మండి కూరగాయల గ్రూపు ఏడాది లెక్కలో 62 శాతం ఎగబాకింది. నెలవారీ అంకె ముందుంటే ఆ శీర్షిక ఎవరూ పెట్టేవారు కాదు.

ఆర్‌ఏ_బిల్లు
గణకుడు గారూ, మీ ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతోంది. కూరగాయలు వర్షాకాలంలో పెరుగుతాయి, చలికాలంలో దిగుతాయి. సూచీలో వాటి వెయిటేజీ (మొత్తంలో వాటా) 1.87 శాతం మాత్రమే, అయినా మొత్తాన్ని ఊపేస్తాయి. మన దగ్గర అధికారికంగా ఇచ్చే సూచీకి రుతు సర్దుబాటు (ఏటా ఒకే కాలంలో వచ్చే హెచ్చుతగ్గులను లెక్కలోంచి తీసేయడం) లేదు. సర్దని నెలవారీ అంకెను శీర్షికలో పెడితే ప్రతి జూలైలో 'ధరల మంట', ప్రతి డిసెంబరులో 'ఊరట' అని రాసుకుంటూ పోవాలి. ఏడాది లెక్కలో ఈ బెడద ఉండదు, జూలైని జూలైతోనే పోలుస్తాం కాబట్టి.

రెండోది. సూచీని ఒక దశాంశానికే ఇస్తారు. 150.0 నుంచి 150.2 అయితే 0.13 శాతం పెరిగిందంటాం. రౌండింగ్ వల్ల అసలు మార్పు 0.07 కావచ్చు, 0.20 కావచ్చు. దాన్ని పన్నెండు నెలలకు పొడిగించి చెప్పేవాళ్లూ ఉన్నారు. నెలకు 1 శాతం అంటే ఏడాదికి 12.68. చిన్న పొరపాటు అంత పెద్దదవుతుంది.

మండి_ధర
రౌండింగ్ చిన్న విషయం. తొలి అంకె, తుది అంకె తేడా చూడండి. 2022 మే ఏడాది లెక్కకు తొలి అంకె 15.88 శాతం, తుది అంకె 16.63 శాతం.

గణకుడు
రౌండింగ్ సమస్యకు మందు రెండు దశాంశాలు ఇవ్వడం, నెలవారీ మార్పును దాచడం కాదు. రుతు సర్దుబాటుకూ దారి ఉంది. మొత్తం సూచీని ఒకేసారి ఎక్స్-13లో (రుతు సర్దుబాటు చేసే సాఫ్ట్‌వేర్‌లో) వేయకూడదు. కూరగాయలు, పండ్లు, గుడ్లు-మాంసం-చేపలు లాంటి ఉపగ్రూపులను విడివిడిగా సర్ది, రుతు ప్రభావం కనిపించని ఖనిజాలు, లోహాలను అలాగే వదిలి, వెయిటేజీలతో మళ్లీ కూడాలి. కనీసం అయిదేళ్ల నెలవారీ అంకెలు కావాలి. దీపావళి ఒక ఏడాది అక్టోబరులో, ఇంకో ఏడాది నవంబరులో వస్తుంది, దానికి విడిగా చలరాశి పెట్టాలి. 2020 ఏప్రిల్, మే నెలల్లో లాక్‌డౌన్ వల్ల కొన్ని గ్రూపుల అంకెలే వచ్చాయి. వాటిని మామూలు నెలలుగా తీసుకుంటే ఆ తర్వాతి ఏప్రిళ్లన్నీ పాడవుతాయి.

ఆర్‌ఏ_బిల్లు
మీరు సాఫ్ట్‌వేర్ గురించి చెప్తున్నారు. నేను డబ్బు గురించి చెప్తున్నాను.

పని సాగుతుండగా సరుకుల ధరలు మారితే కాంట్రాక్టరు బిల్లు ఎంత మారాలో ఈ సూచీతోనే కడతారు. చాలా టెండరు పత్రాల్లో ఆ ధర సర్దుబాటు సూత్రం ఇదీ: 0.85 × ఆ సరుకు వాటా × ఆ త్రైమాసికంలో చేసిన పని విలువ × (ఇప్పటి సూచీ − మొదటి సూచీ) ÷ మొదటి సూచీ. పని కోటి రూపాయలు, సిమెంటు వాటా 20 శాతం, సిమెంటు సూచీ 140 నుంచి 147కి పెరిగిందనుకోండి. రావలసింది 85,000. తొలి అంకె 145.6 అని వస్తే 68,000. 17,000 తేడా ఒక్క బిల్లులో, ఒక్క సరుకు మీద. తొలి అంకెతో కట్టాలా తుది అంకెతోనా అని ఒప్పందంలో రాయకపోతే ఫైలు ఆడిట్ దగ్గరే ఆగుతుంది. తుది అంకె పది వారాలకు వస్తుంది, ఆ తర్వాత మార్చరు. మాకు కావలసింది ఆ మార్చకపోవడమే.

మందుల_షెల్ఫ్
ఒక్క కాంట్రాక్టర్లే కాదు. 2013 ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అత్యావశ్యక మందుల గరిష్ఠ ధరలు ఏటా ఏప్రిల్ 1న ఈ సూచీని బట్టే మారతాయి. 2022కి సూచీలో మార్పు 12.1218 శాతం, 2023కి 0.00551 శాతం. సూచీలో మందుల గ్రూపు వెయిటేజీ 2 శాతానికి కాస్త తక్కువ. అంటే మాత్ర ధరను క్రూడాయిలూ లోహాలూ నిర్ణయిస్తున్నాయి. జాతీయ రహదారుల టోల్‌లోనూ అంతే: ఏటా 3 శాతానికి తోడు, డబ్ల్యూపీఐ పెరుగుదలలో 40 శాతం.

గణకుడు
అదే నేను అంటున్నది! ఈ సూచీ దేన్ని కొలుస్తోందో చూడకుండా బిల్లు, టోల్, మాత్ర అన్నీ దానికే కట్టేశారు. 2011-12 సిరీస్‌లో (ఆ ఏడాదిని బేస్‌గా, అంటే పోలికకు మొదలుగా తీసుకున్న సూచీలో) 697 సరుకులున్నాయి, ఒక్క సేవ కూడా లేదు. లారీ కిరాయి లేదు, గిడ్డంగి లేదు, టెలికాం లేదు. బొగ్గు ధర పెరిగితే బొగ్గులో ఒకసారి, ఉక్కులో ఒకసారి, వాహనంలో ఇంకోసారి లెక్కకొస్తుంది. ఉత్పత్తిదారుల ధరల సూచీ (పీపీఐ) వైపు వెళ్లడానికి 2025 జనవరిలో రమేశ్ చంద్ అధ్యక్షతన కార్యవర్గం వేశారు. అటు త్వరగా కదలాలి. మీరేమో 17,000 రూపాయల కోసం దేశం మొత్తం ధరల లెక్క మారకూడదంటున్నారు.

ఆర్‌ఏ_బిల్లు
పదిహేడు వేలు మీకు చిన్నగా కనిపిస్తే అది మీ అదృష్టం. చిన్న కాంట్రాక్టరుకు లాభం మిగిలేది ఆ అంచులోనే. 2004-05 నుంచి 2011-12కి సిరీస్ మారినప్పుడు ఏం జరిగిందో చెప్తాను. మొత్తం సూచీకి లింకింగ్ ఫ్యాక్టర్ (కొత్త సిరీస్ అంకెను పాత సిరీస్ అంకెగా మార్చే గుణకం) 1.561. అది అన్ని సరుకుల సగటు. దాన్నే తీసుకెళ్లి సిమెంటుకు, ఉక్కుకు వేసి బిల్లులు కోసిన ఇంజనీర్లున్నారు. ఏ సరుకుకు ఆ సరుకు ఫ్యాక్టరే వేయాలి. జాబితాలోంచి పోయిన సరుకులకు దగ్గరి గ్రూపు సూచీ వాడాలి, కానీ ఏది దగ్గరిదో ఒప్పందంలో ఉండదు. మీ పీపీఐ వచ్చిన రోజు ఈ గొడవ పదింతలవుతుంది. దాని గురించి మీ పోస్టుల్లో ఒక్క వాక్యం లేదు.

మోడరేటర్
సంపాదన, అదృష్టం ప్రస్తావనలు వద్దు. సూచీ మీదే మాట్లాడండి.

గణకుడు
సరే, సూటిగా అడుగుతాను. రుతు సర్దుబాటు చేసిన సిరీస్‌లో కొత్త నెల చేరినప్పుడల్లా పాత నెలలూ కొద్దిగా మారతాయి. మీకు ఇష్టం లేనిది అదేనా?

ఆర్‌ఏ_బిల్లు
అదే. గడిచిన నెల సూచీ వచ్చే ఏడాది మారితే, చెల్లించిన బిల్లు మళ్లీ తెరుస్తారు. వెనక్కి మారే అంకె మీద చెల్లింపు నడవదు.

గణకుడు
కొత్త సమాచారం వచ్చినా వెనక్కి మార్చని అంకెతో ధరలు ఎటు పోతున్నాయో సరిగ్గా చెప్పలేం. మన గొడవ నెలా ఏడాదా అని కాదు, ఇదీ. ఒకే అంకెతో రెండు పనులూ చేయిస్తున్నారు.

మండి_ధర
అమెరికాలో రెండూ విడిగా ఉన్నాయి. వాళ్లు టోకు సూచీ పేరును 1978లోనే ఉత్పత్తిదారుల ధరల సూచీగా మార్చారు. వార్తల్లో వచ్చేది రుతు సర్దుబాటు చేసిన నెలవారీ మార్పు. ఒప్పందాలకు మాత్రం సర్దని సూచీనే వాడమని వాళ్ల గణాంక సంస్థే చెప్తుంది. సర్దని అంకెలు నాలుగు నెలల తర్వాత ఒకసారి సవరించి వదిలేస్తారు.

ఆర్‌ఏ_బిల్లు
అలా రెండు సిరీస్‌లు ఇస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ పాత ఒప్పందాలు నడుస్తున్నంత కాలం డబ్ల్యూపీఐ ఆపకూడదు. కొత్త సిరీస్ వచ్చిన రోజే సరుకులవారీ ఫ్యాక్టర్లు, తీసేసిన సరుకులకు ప్రత్యామ్నాయాల పట్టిక ఇవ్వాలి.

గణకుడు
పట్టికకు ఒప్పుకుంటాను. డబ్ల్యూపీఐని అలా కొనసాగించడానికి మాత్రం ఒప్పుకోను. పక్కన పాతది ఉన్నంత కాలం ఏ శాఖా కొత్తదానికి మారదు, మందుల ధరలు క్రూడాయిల్ వెంటే నడుస్తాయి. రెండేళ్ల గడువు పెట్టాలి.

ఆర్‌ఏ_బిల్లు
బీఓటీ రోడ్ల (ప్రైవేటు సంస్థ కట్టి, నడిపి, తర్వాత ప్రభుత్వానికి అప్పగించే రోడ్ల) ఒప్పందాలు ఇరవై ఏళ్ల పైన ఉంటాయి. రెండేళ్ల గడువు ఏ మూలకు?

కొత్తగా_చేరా
ఇప్పుడు టెండరు వేస్తున్నవాళ్లు క్లాజులో ఏం రాయించుకోవాలి?

ఆర్‌ఏ_బిల్లు
ప్రీ-బిడ్ ప్రశ్నల్లోనే (బిడ్ వేయకముందు అడిగే సందేహాల్లోనే) రాతపూర్వకంగా అడగండి. సూచీ పేరు, బేస్ సంవత్సరం, సరుకు పేరు జాబితాలో ఉన్నది ఉన్నట్టుగా ఉండాలి. 'తొలి అంకెతో చెల్లించి తుది అంకె వచ్చాక తర్వాతి బిల్లులో సర్దాలి' అన్న వాక్యం ఉండాలి. సిరీస్ మారితే ఆ సరుకు లింకింగ్ ఫ్యాక్టరే వాడాలని, సరుకు జాబితాలోంచి పోతే ఏ గ్రూపు సూచీ తీసుకోవాలో ముందే పేరుతో రాయించండి. మొదటి సూచీ ఏ నెలదన్నదీ మర్చిపోవద్దు: బిడ్ తెరిచిన నెలా, ఒప్పందం మీద సంతకమైన నెలా అన్నది తేలకపోతే మిగతావన్నీ రాయించుకున్నా లెక్క కుదరదు.