చిన్న రియాక్టర్‌లో వాడిన ఇంధనం లెక్క మూడు రెట్లు ఎక్కువ వస్తోంది, తప్పు ఎక్కడ?

నీలిజ్వాల (ప్రశ్న)
చిన్న అణు రియాక్టర్ల మంచిచెడ్డల గురించి విద్యార్థులకు రేపు ఉదయం ప్రసంగించవలసి ఉంది. నిన్న సాయంత్రం నుంచి ఒకే లెక్క దగ్గర ఆగిపోయాను. 250 మెగావాట్ల రియాక్టర్‌ను తీసుకుని, వేడిని విద్యుత్తుగా మార్చే సామర్థ్యం 33 శాతమనీ, ఏడాదిలో 90 శాతం కాలం నడుస్తుందనీ అనుకుని, ఏటా బయటికి తీయవలసిన ఇంధనం ఎంతో లెక్కకట్టాను. ఏడున్నర టన్నులు వస్తోంది. మిత్రుడు పంపిన పట్టికలో రెండున్నర టన్నులే ఉంది. ఐదుసార్లు మొదటి నుంచీ చేశాను, ప్రతిసారీ మూడు రెట్ల తేడానే. చిన్న రియాక్టర్లతో వ్యర్థాలు పెరుగుతాయని కొందరు చెబుతున్నది ఇదేనా, లేక పొరపాటు నాదేనా? దయచేసి ఎవరైనా చూడండి.

పదనిధి
ముందుగా ఒక మాట. విద్యార్థుల ముందు ‘అణు రియాక్టర్’ అనకండి. వారి పాఠ్యపుస్తకాల్లో అణువు అంటే పరమాణువుల కలయిక. ఇక్కడ విచ్ఛిత్తి చెందేది పరమాణువు లోపలి కేంద్రకం కనుక ‘కేంద్రక రియాక్టర్’ అనడమే సరైనది. రసాయన శాస్త్రం తరగతిలో ఒక అర్థం, భౌతిక శాస్త్రం తరగతిలో మరో అర్థం చెబితే పిల్లలు నలిగిపోతారు.

శేషాద్రి_లెక్కలు
250 అన్నది ఉష్ణశక్తా, విద్యుచ్ఛక్తా? బర్నప్, అంటే టన్ను ఇంధనం నుంచి రాబట్టే ఉష్ణశక్తి, ఎంత? ఏ నమూనా? ఇవి రాయకుండా ఎవరూ చెప్పలేరు.

గట్టుదారి
వ్యర్థాల కంటే ముందు ఖర్చు సంగతి చెప్పండి. రియాక్టర్ శక్తిని నాలుగో వంతుకు తగ్గిస్తే పాత్ర, కాంక్రీటు, కాపలా, అనుమతుల ఖర్చులు నాలుగో వంతుకు దిగవు. ఆ నష్టాన్ని కర్మాగారంలో ఒకే నమూనాను వరుసగా తయారుచేసి పూడ్చుకోవాలన్నది ఆలోచన, అయితే వరుస మొదలు కావాలంటే మొదటి కొన్నింటిని అధిక ధరకు కొనేవారు ఎవరో ఒకరు ఉండాలి. అమెరికాలోని ఐడహోలో ఆరు యూనిట్లతో 462 మెగావాట్లకు తలపెట్టిన పథకంలో మెగావాట్-గంట ధర అంచనా 58 డాలర్ల నుంచి 89 డాలర్లకు పెరిగింది, 2023 నవంబరులో పథకమే రద్దయింది. ఈ చర్చలో అసలు ప్రశ్న ఇదేనని నా గట్టి అభిప్రాయం.

వెలుగుపూలు
గట్టుదారి గారూ, ఆయన అడిగింది ధర కాదు. పైగా ఆగిపోయిన పథకం ఒక్కటే చూపితే చిత్రం సగమే అవుతుంది. రష్యాలోని పెవెక్ రేవులో ఒక్కొక్కటి 35 మెగావాట్ల రియాక్టర్లు రెండున్న తేలియాడే కేంద్రం 2020 నుంచి పనిచేస్తోంది.

గట్టుదారి
అది చిన్నదే కానీ, నేను చెప్పిన వరుస తయారీకి ఉదాహరణ కాదు. ‘చిన్న’, ‘మాడ్యులర్’ (కర్మాగారంలో ఒకే నమూనాగా వరుసగా తయారయ్యేది) అన్న రెండు మాటలనూ ఒకటిగా వాడడం వల్లనే ఈ గందరగోళం.

నీలిజ్వాల
క్షమించండి, బర్నప్ టన్నుకు 33 గిగావాట్-రోజులు తీసుకున్నాను. నమూనా మామూలు నీటితో చల్లబడేది. 250 అని పట్టికలో ఉంది, అంతే.

శేషాద్రి_లెక్కలు
అయితే అది ఉష్ణశక్తి. అమెరికా కంపెనీ న్యూస్కేల్ వారి 77 మెగావాట్ల విద్యుత్ నమూనాలో ఉష్ణశక్తి 250 మెగావాట్లు. మీరు దాన్ని విద్యుత్తు అనుకుని మళ్లీ 0.33తో భాగించారు, మూడు రెట్లు అక్కడ వచ్చాయి. 0.25 గిగావాట్లను 365తోనూ 0.9తోనూ గుణిస్తే సుమారు 82 గిగావాట్-రోజులు. 33తో భాగిస్తే రెండున్నర టన్నులు.

నమూనా ఎందుకు అడిగానంటే, చైనాలోని షిదావో బేలో 2023 డిసెంబరులో వాణిజ్యపరంగా మొదలైన గోళాల రియాక్టర్లు (ఇంధనం గ్రాఫైట్ గోళాల్లో ఉండేవి) కూడా ఒక్కొక్కటి 250 మెగావాట్ల ఉష్ణశక్తివే. రెండూ కలిసి 210 మెగావాట్ల టర్బైన్‌ను నడుపుతాయి. అక్కడ బర్నప్ 90 దాకా ఉంటుంది కనుక యురేనియం ఏటా రియాక్టర్‌కు టన్నులోపే. అయితే 6 సెంటీమీటర్ల గ్రాఫైట్ గోళం ఒక్కొక్కదానిలో 7 గ్రాముల యురేనియమే ఉంటుంది. అంటే లక్షా ముప్పై వేల గోళాలను భద్రపరచాలి. టన్నుల్లో తక్కువ, ఘనపరిమాణంలో ఎక్కువ.

వెలుగుపూలు
పెరుగుదల అసలు లేదని మాత్రం చెప్పకండి. 1000 మెగావాట్ల పెద్ద రియాక్టర్ బర్నప్ 50 దగ్గర ఏటా సుమారు 20 టన్నులు బయటికి పంపుతుంది, అందులో 77 మెగావాట్ల వాటా ఒకటిన్నర టన్ను. మీ రెండున్నర అంతకంటే మూడింట రెండు వంతులు ఎక్కువ. రియాక్టర్ గర్భం, అంటే ఇంధనం ఉండే భాగం, చిన్నదైతే ఉపరితలం నిష్పత్తిలో పెరిగి న్యూట్రాన్లు ఎక్కువగా బయటికి జారిపోతాయి, ఇంధనాన్ని పూర్తిగా వాడుకోవడం కష్టమవుతుంది. అయితే ఆ ఉపరితలమే రియాక్టర్ ఆగాక మిగిలే వేడిని పంపులు లేకుండా వెళ్లగొట్టడానికి సాయపడుతుంది. 2011లో ఫుకుషిమాలో ఆ వేడిని తీసే దారి లేకనే గర్భాలు కరిగాయి. ఈ రెండింటినీ విద్యార్థులకు కలిపే చెప్పండి.

పదనిధి
వాడిన ఇంధనాన్ని వ్యర్థం అనడం కూడా సరికాదు. ఫ్రాన్సులో దాని నుంచి యురేనియం, ప్లుటోనియం వేరుచేస్తారు.

వెలుగుపూలు
ఫిన్లాండులో దాన్నే నేరుగా భూగర్భంలో పెట్టడానికి సొరంగం తవ్వారు. అక్కడ అది వ్యర్థమే.

నీలిజ్వాల
పక్క గడిలో 77 అని ఉంది, నేను చూడలేదు. ఇప్పుడు 2.5 వచ్చింది. ధన్యవాదాలు. గోళాల సంగతి రేపటికి పెట్టను, సమయం చాలదు.