జపాన్ తొలినాటి మొబైల్ ఆటలు: ముందు నకలు తీయాలా, అనుమతి కోసం ఆగాలా?

చర్చ ప్రారంభించిన సభ్యులు:

సభ్యులందరికీ నమస్కారం. జపాన్ ఫోన్ సంస్థ ఎన్‌టీటీ డొకొమో 1999లో ఐ-మోడ్ అనే మొబైల్ ఇంటర్నెట్ సేవను, 2001 జనవరిలో ఐ-అప్లి పేరుతో జావా ఆటలను ప్రవేశపెట్టింది. ఐ-మోడ్‌కూ, తన 3జీ సేవకూ 2026 మార్చి 31ని చివరి తేదీగా ఆ సంస్థే ప్రకటించింది. ఈలోగా కొందరు ఔత్సాహికులు పాత మడత ఫోన్ల నుంచి ఆటలను బయటికి తీసి, హక్కుదారులను అడగకుండానే ఇంటర్నెట్‌లో పంచుతున్నారు. భద్రపరచడాన్ని నేను కాదనను, కానీ పరుల సొత్తును పంచే అధికారం మనకెక్కడిది? జీ-మోడ్ సంస్థ 2020 నుంచి పాత ఫోన్ ఆటలను నింటెండో స్విచ్ అనే ఆటల యంత్రంలో అమ్ముతోంది. మిగిలిన సంస్థలూ ఆ దారికి వచ్చేదాకా ఆగలేమా?

మొదటి సమాధానం:

మీ ప్రశ్న న్యాయమైనదే గానీ, ఆగేందుకు వ్యవధి ఉందన్న నమ్మకం మీద అది నిలబడి ఉంది. మన ఊళ్లలో నోకియా ఫోన్లలో ఆడుకున్న జావా ఆటలు బ్లూటూత్ ద్వారానూ మెమరీ కార్డుల ద్వారానూ చేతులు మారుతూ వ్యాపించాయి కాబట్టే వాటి ప్రతులు ఈనాటికీ దొరుకుతున్నాయి. జపాన్ ఫోన్లలో ఆ వీలు లేదు. ఆట సాధారణంగా ఫోన్ లోపలి మెమరీలోనే ఉండిపోయేది, కార్డులోకి మార్చుకునే వీలున్న ఫోన్లలో కూడా అది మరో ఫోన్‌లో తెరుచుకునేది కాదు. పైగా ఐ-అప్లి నడిచిన తొలి ఫోన్లైన 503ఐ శ్రేణిలో ప్రోగ్రామ్ 10 కిలోబైట్లకు మించకూడదు. తరువాత పరిమితి పెరిగినా, చాలా ఆటలు తమ బొమ్మలనూ సంగీతాన్నీ మొదటిసారి తెరిచినప్పుడు సర్వర్ నుంచి తెచ్చుకుని, స్క్రాచ్‌ప్యాడ్ అనే విడి చోట దాచుకునేవి. అందువల్ల సర్వర్ మూతపడ్డాక ప్రోగ్రామ్ ఒక్కటి దొరికినా ఆట నడవదు. ఆనాడు దాన్ని ఆడినవారెవరో తమ ఫోన్‌లోని సమాచారాన్ని చెరపకుండా ఉంచి ఉండాలి. అటువంటి ఫోన్లు ఏటేటా తగ్గిపోతున్నాయి.

చర్చ ప్రారంభించిన సభ్యులు:

వివరణకు కృతజ్ఞతలు. అయినా 2008 నుంచి ఫోన్లలో భాగాలుగా వెలువడిన కింగ్‌డమ్ హార్ట్స్ కోడెడ్ ఆటను ప్రచురణకర్తలే 2010లో నింటెండో డీఎస్ అనే చేతి ఆటల యంత్రానికి తెచ్చారు. విలువైన వాటిని హక్కుదారులే కాపాడుకుంటారని దీన్నిబట్టి అనుకోవచ్చు కదా?

రెండవ సమాధానం:

డీఎస్ కోసం తయారైనది వేరే ఆటండీ. కథ నిలిచింది గానీ, ఫోన్‌లో ఆడిన ఆట నిలవలేదు. 2004 సెప్టెంబరులో మొదలైన బిఫోర్ క్రైసిస్‌ను చూడండి. ఫైనల్ ఫాంటసీ 7కు పూర్వకథ అయిన ఆ ఆటలో, ఫోన్ కెమెరాతో తీసిన చిత్రంలోని రంగును బట్టి మెటీరియా, అంటే ఆటలో మంత్రశక్తినిచ్చే రాయి, తయారయ్యేది. అంత ఊహాశక్తితో రూపొందిన ఆట 2018లో సర్వర్‌తోపాటు ఆగిపోయింది, ఉన్నది ఉన్నట్లుగా మళ్లీ విడుదల కాలేదు. పోనీ గ్రంథాలయాలు ఆదుకుంటాయా అంటే, జపాన్ జాతీయ పార్లమెంటు గ్రంథాలయం 2000 నుంచి సేకరిస్తున్నది డిస్కుల వంటి వస్తురూపంలో వెలువడిన ఆటలను. డౌన్‌లోడ్‌గా మాత్రమే వచ్చిన ఫోన్ ఆటలు ఆ పరిధిలోకి రావు.

నా అభిప్రాయంలో నకలు తీయడానికి ఎవరి అనుమతి కోసమూ ఆగకూడదు. పంచే విషయంలో మాత్రం మీ అభ్యంతరాన్ని కొంతవరకు అంగీకరిస్తాను. జీ-మోడ్ అమ్ముతున్న ఆటను కొనుక్కోవాలి, ఉచితంగా పంచకూడదు. ఎవరూ అమ్మని ఆటను దాచిపెడితే, ఆ నకలు పూర్తిగా ఉందో లేదో ఎమ్యులేటర్‌లో, అంటే పాత ఫోన్‌ను అనుకరించే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో, పరీక్షించే అవకాశం కూడా ఇతరులకు లేకుండా పోతుంది. అటువంటి ఆటను బహిరంగంగా ఉంచడమే సరైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

జపాన్‌లో బంధుమిత్రులున్న సభ్యులకు ఒక మనవి. వారి ఇళ్లలో పాత ఫోన్లు ఉంటే రీసెట్ చేయవద్దని, సిమ్ కార్డును ఫోన్‌తోపాటే ఉంచమని, ఉబ్బిన బ్యాటరీని మాత్రం వెంటనే విడిగా తీసివేయమని దయచేసి చెప్పండి.